మోటారు తిరుగుతోంది... నీళ్లేవీ?
కారవాన్‌లో పంపు మొరాయిస్తే ముందు చెవి, తర్వాతే పానా అంటున్న హోసూరు మెకానిక్

హోసూరు: బెంగళూరులో కారవాన్ అద్దెకు తీసుకుని రామేశ్వరం బయల్దేరిందో కుటుంబం. మోకాళ్ల నొప్పులతో అవస్థ పడే పెద్దామె కోసమే మరుగుదొడ్డి ఉన్న బండి మాట్లాడుకున్నారు. హోసూరు రాకముందే కుళాయిలు ఆగిపోయాయి. ట్యాంకు నిండా నీళ్లున్నాయి, మోటారు గుర్రుమంటోంది, చుక్క మాత్రం రాలేదు. దారిలో ఒకచోట చూపిస్తే పంపు మొత్తం మార్చాల్సిందేనని, కొత్తది రావడానికి రెండ్రోజులు పడుతుందని చెప్పారట. ఇక వెనక్కి మళ్లుదామనుకుంటూనే హైవే పక్కన లారీల వైరింగు చేసే షెడ్డు ముందు బండి ఆపారు.

ఆ మెకానిక్‌ది ఇంట్లో తెలుగు, బడిలో చదివింది తమిళం, గిరాకీలతో కన్నడం. మూడు తరాలుగా హోసూరే ఊరు. పానా ముట్టకుండా ముందు బండిలోకెక్కి కుళాయి తిప్పి నిలబడ్డాడు. ‘చెవి పెట్టి ఇనండన్నా. అది తిరగతా ఉండాదా, లేదా? జబ్బు సగం ఆడే తెలుస్తాది’ అన్నాడు.

శబ్దమే లేకుంటే...
కారవాన్ పంపు నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. శబ్దం లేదంటే ముందు స్విచ్చి, ఫ్యూజు చూడాలి. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరే. తర్వాత కుళాయి తెరిచే ఉంచి పంపు దగ్గర మీటరు పెట్టాలి. అక్కడికి 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతే లోపం మోటారులోనో, దాని ప్రెషర్ స్విచ్చిలోనో ఉన్నట్టు. కరెంటు రాకపోతే వైరు వెంట వెనక్కి వెళ్లాలి. తుప్పు పట్టిన ఎర్తు కనెక్షన్‌ను మరిచిపోకూడదు. కుళాయి కట్టేసి కొలిస్తే నీరసించిన బ్యాటరీ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. దాని బండారం పని చెప్పినప్పుడే బయటపడుతుంది.

తిరిగినా రాకుంటే...
ఈ బండి జబ్బు ఇదే. ట్యాంకులో నీళ్లున్నాయో లేదో ముల్లును నమ్మకుండా మూత తీసి చూడాలి. పైపు ఎక్కడైనా నలిగిందేమో తడమాలి. ఆ తర్వాత పంపు ముందుండే ఫిల్టరు. పంపు దాటాక ఓటు ఉంటే నీరు కారి పట్టిస్తుంది. పంపుకి ముందు వైపు ఓటుంటే చుక్క కారకపోవచ్చు. నీటికి బదులు గాలి పీల్చుకుంటుంది. అందుకే పైకి అంతా పొడిగానే ఉంటుంది, కుళాయీ పొడిగానే ఉంటుంది!

‘దీన్ని నిన్నా మొన్నా ఎవురైనా ముట్టిండారా?’ అని మెకానిక్ అడిగాడు. తానే ఫిల్టరు కడిగి బిగించానని డ్రైవరు నసిగాడు. మూత విప్పితే రబ్బరు వాషరు మెలిపడి ఉంది, దాని కింద ఇసుక రేణువులు. తుడిచి, సరిగా కూర్చోబెట్టి, చేత్తోనే బిగించాడు. కుళాయి నాలుగుసార్లు దగ్గి, ఆపై ధారగా పోసింది. పట్టిన సమయం ఇరవై నిమిషాలు, తీసుకున్న కూలి రెండు వందలు.

కట్టేసినా ఆగకుంటే...
కుళాయిలన్నీ కట్టేశాక ఒత్తిడి పెరిగి పంపు తనంతట తానే ఆగాలి. రాత్రి పూట ఉండుండి ‘టక్’మని తిరుగుతోందంటే ఎక్కడో నీరు కారుతోంది, లేదా లోపలి వాల్వు సరిగా మూసుకోవడం లేదు. బోరు నీటి సున్నం పేరుకున్నా వాల్వు అలాగే చేస్తుంది. ఓటు దొరికేదాకా పడుకునే ముందు పంపు స్విచ్చి ఆపేయడం మేలు.

కొన్ని బండ్లలో పంపు నీళ్లలోనే మునిగి ఉంటుంది. దాంట్లో గాలి బుడగ చిక్కితే తిరిగినా నీరెక్కదు. నీటిలోనే అటూఇటూ కదిపితే బుడగ పోతుంది. నీళ్లు లేకుండా నడిపితే మాత్రం కాలిపోతుంది.

‘కొత్త పంపు ఏసుంటే?’ అని బండి ఎక్కుతూ ఇంటి యజమాని అడిగారు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. ‘అదీ గాలే పీల్చుండు సామీ. ఓటు పంపులో లేదు కదా!’