అమ్మాయిల కాళ్లకు బంతి దొరికితే...

సాయంత్రం బడి వదిలాక ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో గ్రౌండు వైపు ఓసారి చూడండి. మగపిల్లలే కనిపిస్తారు. మరి ఆడపిల్లలేరీ? ఏడో తరగతి దాకా ఖోఖోలో చిరుతలా పరిగెత్తిన పిల్లే, "పెద్దమనిషయింది, ఇంక ఆటలేంది?" అన్న ఒక్క మాటతో ఇంటికి పరిమితమైపోతుంది. పులివెందులలోనైనా ఇదే వరస.

ఈ మాట మన సీమలోనే పుట్టిందనుకోకండి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే స్పెయిన్ దేశంలోనూ "ఆడదానికి బంతాటేమిటి?" అన్నవాళ్లే ఎక్కువ. 1970 క్రిస్మస్ రోజున బార్సిలోనా క్లబ్బు స్టేడియంలో అమ్మాయిలు విరాళాల కోసం ఒక మ్యాచ్ ఆడారు. అయినా ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య మహిళల ఆటను గుర్తించింది 1980లోనే! బార్సిలోనా జట్టు అమ్మాయిలు పూర్తిగా ఆటనే వృత్తిగా చేసుకోగలిగింది 2015 నుంచి.

ఆ తర్వాతా దారి పూలబాటేం కాదు. 2019లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఫ్రాన్స్ జట్టు లియోన్ అరగంటలోనే నాలుగు గోల్స్ కొట్టేసింది. ఇంకొకరైతే నీరుగారిపోయేవారే. వీళ్లు మాత్రం మళ్లీ సాధనలో పడ్డారు.

ఫలితం 2020-21లో వచ్చింది. స్పెయిన్ లీగ్‌లో 34 మ్యాచ్‌లాడి 33 గెలిచారు. కొట్టిన గోల్స్ 167! 2021 మే 16న గోథెన్‌బర్గ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఈసారి ఇంగ్లండ్ జట్టు చెల్సీ మీద 36 నిమిషాల్లోనే నాలుగు గోల్స్. 4-0తో కప్పు వాళ్లదే. అదే నెలాఖరున దేశవాళీ కప్పు కూడా గెలిచి, ఒకే సీజన్‌లో మూడు కప్పులు ఇంటికి తెచ్చుకున్నారు. కెప్టెన్లలో ఒకరైన అలెక్సియా పుతెయాస్‌కు ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా బాలన్ డోర్ వచ్చింది.

కరోనా వల్ల ఆ ఫైనల్‌కు ప్రేక్షకులే లేరు. కానీ మరుసటి ఏడాది మార్చి 30న, రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్ చూడటానికి సొంత స్టేడియానికి 91,553 మంది వచ్చారు. "ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు?" అన్నవాళ్లకు ఇంతకంటే జవాబేముంటుంది?

బార్సిలోనా మనకు మరీ పరాయి ఊరేం కాదు. అక్కడ పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మన పక్క అనంతపురానికొచ్చి, 2009లో కన్నుమూసేదాకా పేదల మధ్యే ఉన్నారు. ఆయన స్థాపించిన ఆర్‌డీటీ అనంతపురంలో క్రీడాగ్రామం కట్టి ఆడపిల్లలకూ ఆటలు నేర్పింది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లింది. కాబట్టి మనవాళ్లకు చేతకాదన్న మాటే లేదు.

అయితే, అమ్మాయి ఆటకు వెళ్తానంటే తల్లికి గుబులుండదా? ఉంటుంది. చీకటి పడకముందే ఇంటికి చేరాలి. బడిలో బట్టలు మార్చుకునే గది ఉండాలి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉండాలి. ఇవి న్యాయమైన భయాలే. వీటికి మందు పిల్లను ఆపడం కాదు, బడిని అడగడం. ఒక్కరం వెళ్తే "చూద్దాంలేమ్మా" అంటారు. అదే వీధిలో నలుగురు తల్లులం కలిసి హెడ్మాస్టరు గదికెళ్లి, "వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు మా పిల్లలకివ్వండి సార్" అంటే కాదనడం అంత తేలిక కాదు.

నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమమూ లేదు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, నలతగా ఉంటే ఆ పూట మానేయొచ్చు. ఇంటికొచ్చాక ఇంత రాగి సంగటి, ఆకుకూర పప్పు, ఒక వేరుశనగ ఉండ పెట్టండి చాలు.

మన పిల్లలందరూ కప్పులే తేనక్కర్లేదు. పదమూడేళ్లకే పరుగు మానేయకుండా ఉంటే అదే పెద్ద గెలుపు.