అమ్మ కూలరు, నా అతుకు

ఎండలు ముదిరేలోపు ఎల్లారెడ్డి వెళ్ళి అమ్మను చూసి రావడం నాకు అలవాటు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మన ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, "ఊరికే ఛార్జీలు దండగ" అనే మాట మా ఇంట్లో వినపడటం మానేసింది.

ఈసారి వెళ్ళేసరికి కూలరు గడగడమంటోంది. తలుపు తీసి తొంగిచూస్తే గుండె ఝల్లుమంది. మోటారు స్టాండును పట్టుకునే చోట ఫైబరు చిట్లిపోయి, రెండు బోల్టులు ఊడి, మోటారు ఒక పక్కకు ఒరిగింది. అమ్మ దాన్ని పాత చీర పేలికతో కట్టేసింది. రెక్క అంచు వైరును రాసుకుంటోంది. కింద తొట్టి నిండా నీళ్ళు!

గబుక్కున స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేశాను.

"గట్లనే నడుస్తున్నది బిడ్డా. నేనొక్కదాన్నే ఉంటి. కొత్తది నాకెందుకు?" అంది అమ్మ.

మావారికి ఫోన్ చేస్తే "పారేద్దాం, కొత్తది తెస్తాను" అన్నారు. అమ్మ వింటేగా! అది నాన్న చివరగా కొన్న వస్తువు. అది పారేయమంటే నాన్నను బయట పెట్టమన్నట్టే. పోనీ ఊరుకుందామా అంటే, తడి నేల మీద అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కామారెడ్డిలో ఫైబరు తలుపులు చేసే షాపుకు వెళ్ళాను. "ముద్ద కలిపి పెట్టే సీలు ఇస్తావా అన్నా?" అంటే అతను నవ్వాడు. "అది నిలవదక్కా. మోటరు అదురుతది గదా. మ్యాట్ ఏసి రెజిన్ కొట్టాలె. మీరే చేసుకోవచ్చు" అన్నాడు. గాజు పోగులతో చేసిన మ్యాట్, రెజిన్, చిన్న సీసాలో హార్డెనర్ ఇచ్చాడు.

అన్నట్టు, సముద్రం మీద ఆడే ఆటలోనూ ఇదే వైద్యం! విశాఖలో రుషికొండ దగ్గర అలల మీద పలకతో జారే పిల్లలను చూసే ఉంటారు. ఆ సర్ఫ్ బోర్డు అడుగున చేపకున్నట్టు ఒక రెక్క ఉంటుంది. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ దాన్ని మొదటిసారి బిగించాడట. అంతకుముందు పలక పక్కలకు జారిపోయేది. ఆ రెక్కను పట్టుకునే గూడు విరిగితే అక్కడా ఆరబెట్టి, గీకి, గాజు మ్యాట్ వేసి రెజిన్‌తో అతుకుతారు. లోపల తడి మిగిలితే మాత్రం అతుకు నిలవదు. కామారెడ్డి కూలరుకైనా సముద్రపు పలకకైనా సూత్రం ఒకటే.

ఇలా చేశాను

ఆదివారం మావారు బండి మీద దింపారు. మోటారు విప్పించి, కూలరు డొక్కును రోజంతా ఎండలో ఆరబెట్టాను. మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పని మొదలుపెట్టాను. వేడికి రెజిన్ తొందరగా గట్టిపడిపోతుంది మరి.

పగులు చుట్టూ గరుకు కాగితంతో నున్నదనం పోయేదాకా రుద్దాను. దుమ్ము తుడిచి, థిన్నరు గుడ్డతో శుభ్రం చేశాను. మ్యాట్‌ను మూడు ముక్కలు కత్తిరించాను. మొదటిది పగులుకంటే కొంచెం పెద్దది, తర్వాతవి ఒక్కొక్కటీ అంగుళం ఎక్కువ. నూరు గ్రాముల రెజిన్‌కు హార్డెనర్ ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. ఒక్కసారే కలపకండి, సగం సగం కలుపుకోండి. బ్రష్షుతో రెజిన్ పూసి, మ్యాట్ పరిచి, గాలిబుడగలు పోయేలా అద్దాలి. దాని మీద రెండోది, ఆపైన మూడోది. ఆ తర్వాత ఒక రోజంతా ముట్టుకోకూడదు.

జాగ్రత్తలు మరవకండి. ఆరుబయటే చేయండి. పొయ్యి, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండకూడదు. నిండు చేతుల జాకెట్టు, గ్లవ్స్, కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు కావాలి. గాజు పొడి దురద పెడుతుంది. హార్డెనర్ కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. యాక్సిలరేటర్ అని ఇంకో సీసా ఇస్తే తీసుకోకండి. దాన్నీ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే పేలే ప్రమాదం ఉంది. అది ముందే కలిపిన రెజినే అడగండి.

కరెంటు పని మాత్రం నేను ముట్టుకోలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు మార్చి, ఎర్త్ సరిచూశాడు. అతుకులో కొత్త రంధ్రాలు వేసి, వెడల్పు వాషర్లు, రబ్బరు బుష్‌లు పెట్టి బోల్టులు బిగించాడు.

స్విచ్చి వేశాం. మళ్ళీ అదే అదురు! నా పని అంతా వృథా అయిందే అనుకుని షాపు అన్నకు ఫోన్ చేశాను.

"రెక్కలు చూసినవా అక్కా?" అన్నాడు.

చూస్తే ఒక రెక్క వంగి ఉంది. కిందటేడు కడిగేటప్పుడు జారి పడిందని అమ్మ అప్పుడు చెప్పింది. ఆ వంకరే ఇన్నాళ్ళూ మోటారును ఊపి ఊపి ఫైబరును చిట్లించింది. ఫ్యాను మార్చేసరికి చప్పుడు పోయింది. విరిగినచోటు అతికితే చాలదు, ఎందుకు విరిగిందో కూడా చూడాలని ఆ పూట తెలిసింది.

ఆపకుండా నీళ్ళు పోయనని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. అతుకు ఎగుడుదిగుడుగానే వచ్చింది లెండి. కథలు రాసుకునే చేయి, అంతకంటే ఏం కుదురుతుంది?

అమ్మ మాత్రం దాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "మీ నాయన గిట్లనే కుట్టుమిషను బాగుచేసేటోడు. నీకు గదే చెయ్యి వచ్చింది" అంది.

నాకు ఇంతకంటే కూలి ఏం కావాలి!