గెల నింపిన ముక్కుపురుగు

1981కి పూర్వం మలేషియాలోని ఆయిల్ పామ్ తోటలలో ఒక విచిత్రమైన పని జరుగుతూ ఉండేది. కూలీలు పుప్పొడిలో టాల్కం పొడి కలుపుకొని చెట్టు చెట్టుకూ తిరిగి, విచ్చుకున్న ఆడ పూగుత్తుల మీద చల్లేవారు. పూగుత్తి పుప్పొడిని స్వీకరించే గడువు రెండు మూడు రోజులు మాత్రమే. ఆ గడువు దాటితే గెలలో కాయలు సరిగా కట్టవు. అందుచేత ఏడాది పొడవునా ఈ పని ఆగడానికి వీలులేదు.

ఈ చెట్టు ఒక కాలంలో మగ పూగుత్తులను, మరొక కాలంలో ఆడ పూగుత్తులను వేస్తుంది. కనుక ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టుకు చేరవలసిందే. గాలియే దానిని చేరవేస్తుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. గాలి మోయగలిగితే మనుషులు ఎందుకు చల్లవలసి వస్తున్నదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆయిల్ పామ్ పుట్టినిల్లు ఆఫ్రికా. 1848లో నాలుగు మొక్కలు జావాలోని బోగోర్ ఉద్యానవనానికి చేరాయి. 1917లో నాటి మలయాలో వాణిజ్య సేద్యం మొదలైంది. పశ్చిమ ఆఫ్రికాలోని కామెరూన్‌లో పనిచేసి వచ్చిన లెస్లీ డేవిడ్సన్ అనే తోటల అధికారికి ఒక సంగతి జ్ఞాపకం ఉంది: అక్కడ ఎవరూ పుప్పొడి చల్లరు, అయినా గెలలు నిండుగా కాస్తాయి, పూల మీద పురుగులు ముసురుతాయి. ఆ రహస్యాన్ని ఛేదించే భారం పాకిస్తాన్‌కు చెందిన కీటక శాస్త్రజ్ఞుడు రహమాన్ సయ్యద్ మీద పడింది.

కామెరూన్‌లో పరిశోధించిన సయ్యద్, పుప్పొడి మోసేది గాలి కాదనీ, చిన్న చిన్న ముక్కుపురుగులనీ నిరూపించాడు. మగ పూలు విచ్చుకున్నప్పుడు సోంపును పోలిన వాసన వెలువడుతుంది. పురుగులు ఆ పూలనే తిని, వాటిలోనే గుడ్లు పెడతాయి. ఆడ పూలు కూడా అదే వాసన వెదజల్లుతాయి. తిండి దొరుకుతుందని ఆశపడి వచ్చిన పురుగులు, ఏమీ దొరకక, ఒంటికి అంటిన పుప్పొడిని మాత్రం విడిచిపోతాయి.

పరాయి దేశపు పురుగు ఇతర పంటలకు ముప్పు తెస్తుందేమోనన్న భయం సహజమే. అది మరే పంట మీదా వృద్ధి చెందదని పరీక్షలలో రూఢి చేసుకున్న పిదపనే, 1981 ఫిబ్రవరిలో జోహోర్ రాష్ట్రంలోని తోటలలో వదిలారు. అచిరకాలంలోనే గెలలు కాయలతో నిండాయి. చేత్తో పుప్పొడి చల్లే పని నిలిచిపోయింది.

ఆ పురుగు 1985లో కేరళకు వచ్చింది. తరువాత గోదావరి ప్రాంతపు తోటలకూ చేరింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆయిల్ పామ్ పండించే రైతులకు అది జీతంలేని పాలేరు. దాని పిల్లలు పెరిగేది వాడిపోయిన మగ పూగుత్తులలోనే. అవి పనికిరానివని నరికి పారేసే రైతు, రాబోయే గెలలకు పుప్పొడి మోసే కూలీలను తన చేతులారా పోగొట్టుకున్నట్లే.