మీకు తెలుసా? గాదంకి రాడార్‌కు, మీ ఇంటి రౌటర్‌కు ఒకే లెక్క

తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్లే వైపున ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1024 యాగీ యాంటెనాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. ఒకప్పుడు మన మిద్దెల మీద దూరదర్శన్ కోసం నిలబెట్టినవీ యాగీలే! ఆ రాడార్ తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైమాటే.

హెర్ట్జ్‌లు పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. అదే లెక్కన ఇంటి వైఫై తరంగం 2.4 గిగాహెర్ట్జ్‌లో సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌లో అందులో సగం. పొట్టి తరంగానికి గోడ దాటడం కష్టం. మన వైపు పాత రాతిగోడల ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కానీ 5లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. అందుకే రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రౌటరే కొనండి.

కొనేముందు కంప్యూటర్ వైఫై కార్డు ఏ బ్యాండ్‌ను అందుకుంటుందో చూడాలి. పాతవాటిలో చాలావరకు 2.4 ఒక్కటే. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకు బిగించిన పెట్టె నుంచి ఈథర్‌నెట్ తీగను రౌటర్ వాన్ పోర్టుకు కలపాలి. టెలిఫోన్ తీగ మాత్రమే పట్టే పాత ఏడీఎస్‌ఎల్ రౌటర్ దీనికి పనికిరాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు మరీ జాగ్రత్త.

పాత ల్యాప్‌టాప్ కొత్త రౌటర్‌కు కలవకపోతే, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిశ్రమానికి మార్చి చూడండి.