నీళ్లలో రెండు మిల్లీమీటర్ల గాలి

"సార్, డోసు తెలియాల్సింది నీళ్లలో. మీరు కొలిచేది గాలిలో. ఎలా కుదురుతుంది?"

మెడికల్ ఫిజిక్స్ క్లాసులో ఒకమ్మాయి ఈ ప్రశ్న వేశాక ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

రేడియేషన్ చికిత్స చేసే లినాక్ యంత్రం కన్సోల్‌లో 100 మానిటర్ యూనిట్లు కొడితే, ఎలక్ట్రాన్ పుంజం చెప్పిన లోతులో 1 గ్రే డోసు ఇవ్వాలి. ఇస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? 1 గ్రేకి నీళ్లు వేడెక్కేది డిగ్రీలో సుమారు నాలుగువేల వంతు. ఆ కాస్త వేడిని పట్టే ప్రయోగశాలలు ఉన్నాయి గానీ ఆసుపత్రిలో రోజూ అయ్యే పని కాదు. అందుకే నీళ్లతొట్టిలో చిటికెడు గాలి ఉన్న ఛాంబర్‌ను ముంచుతాం. పొడిగాలిలో ఒక అయాన్ జంట పుట్టాలంటే సగటున 33.97 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చు. విద్యుదావేశాన్ని లెక్కపెడితే గాలి తిన్న శక్తి తెలిసిపోతుంది. గాలి నుంచి నీళ్లకు దారి వేసింది భౌతికశాస్త్రవేత్తలు బ్రాగ్, ఆ తర్వాత 1936లో గ్రే. ఎలక్ట్రాన్ల ప్రవాహం చెదరనంత చిన్న ఖాళీ అయితే చాలు, రెండు పదార్థాల ఆపుడుశక్తుల నిష్పత్తితో గుణించేయొచ్చు.

చిక్కంతా ఆ "చెదరనంత" దగ్గరే. నీళ్లలో ఎలక్ట్రాన్లు అణువుల్ని తాకుతూ పక్కలకు చెల్లాచెదురవుతాయి. గాలిగదిలో వాటిని చెదరగొట్టేవి దాదాపు లేవు. పక్కగోడల్లోంచి లోపలికి వచ్చేవి వస్తూనే ఉంటాయి, లోపలున్నవి మాత్రం పక్కకు పోవు. లెక్క ఉబ్బుతుంది. వేలికొసంత ఉండే 0.6 సీసీల ఫార్మర్ ఛాంబర్ ఫోటాన్లకు రాజా, తక్కువ శక్తి ఎలక్ట్రాన్ల దగ్గర తేలిపోయేది ఇందుకే.

దీనికి విరుగుడు బిళ్లలాంటి చదును ఛాంబర్. లోపల గాలి మందం రెండు మిల్లీమీటర్లు. నాకు ముచ్చటేసేది గాలి కాదు, దాని చుట్టూ ఉన్న గార్డ్ రింగు. మధ్యలో ఆవేశాన్ని పోగుచేసే పళ్లేనికి ఎంత వోల్టేజీయో దీనికీ అంతే, కానీ దీని మీద పడ్డ ఆవేశం ఎలక్ట్రోమీటర్‌కు చేరదు. పక్కగోడల నుంచి దూరిన ఎలక్ట్రాన్లు తమ అయాన్లను రింగు మీదే కుమ్మరిస్తాయి. పళ్లెం లెక్కించేది ఎదుటి కిటికీలోంచి వచ్చినవాటినే. పెళ్లి భోజనాల దగ్గర పిలవని చుట్టాలను వసారాలోనే కూర్చోబెట్టినట్టు!

ఇలాంటి చదును ఛాంబర్లలో ఒకటైన మార్కస్‌లో ఈ రింగు వెడల్పు 0.2 మిల్లీమీటర్లే, వసారా ఇరుకు, సవరణలు తప్పలేదు. నార్డిక్ దేశాలవారి ఎన్‌ఏసీపీలో 3, రూస్‌లో 4. నా ఓటు రూస్‌కే. మార్కస్ వర్గమూ ఊరుకోలేదు: గాలిని ఒక మిల్లీమీటరుకు తగ్గించి, రింగును రెండుకు పెంచి కొత్తది తెచ్చింది.

ఇక ఆ ఆపుడుశక్తుల నిష్పత్తి, ఎలక్ట్రాన్లు అలసేకొద్దీ లోతుతో మారుతుంది. 1996లో బర్న్స్, డింగ్, రోజర్స్ దానికో సులువు కనిపెట్టారు. డోసు సగానికి పడిపోయే లోతును 0.6తో గుణించి, అందులోంచి 0.1 సెంటీమీటర్ తీసేసిన చోట కొలిస్తే, ఆ సగం లోతు ఒక్కటి తెలిస్తే చాలు, నిష్పత్తి తెలిసిపోతుంది. సగం లోతు 5 సెంటీమీటర్లు అయితే కొలిచేది 2.9 దగ్గర. 1999, 2000 నాటి అమెరికా, అంతర్జాతీయ ప్రోటోకాల్‌లు రెండూ దీన్నే తీసుకున్నాయి.

ఛాంబర్‌లోకి బయటి గాలి వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత, పీడనం కూడా చూడాలి. నా మొదటి ఉద్యోగంలో, హైదరాబాద్‌లో, ఒక రాత్రి బారోమీటర్ మొరాయించింది. ఫోన్‌లో వాతావరణం చూసి 1010 హెక్టోపాస్కల్స్ అని రాసేశాను. డోసు ఆరు శాతం తక్కువొచ్చింది. యంత్రాన్ని "సరిచేయడానికి" చెయ్యెత్తాను కూడా.

"ప్రెషర్ ఎక్కడిదయ్యా?" అన్నారు మా సీనియర్.

"ఫోన్‌లోది సార్."

ఫోన్ చూపేది సముద్రమట్టానికి దించిన పీడనం. ఐదువందల మీటర్ల పైచిలుకు ఎత్తున మా గదిలో ఉన్నది 950. తగ్గింది డోసు కాదు, ఛాంబర్‌లో గాలి. నేను గనక యంత్రాన్ని అలా "సరిచేసి" ఉంటే మర్నాటి రోగులందరికీ ఆరు శాతం ఎక్కువ పడేది.

ఇది విని ఆ అమ్మాయి ఫోన్ తీసి చూసుకుంది. "మాది వైజాగ్ బీచ్ పక్కనే సార్. మా దగ్గరైతే మీ తప్పు బయటపడేదే కాదు."