కరెంటు పోగానే సోలార్ ఆగితే అది లోపం కాదు

పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అందుతుండడంతో డాబాల మీద ప్యానెళ్లు పెరిగాయి. వాటితోపాటే ఒక ప్రమాదకరమైన మాటా పాకుతోంది: నడి ఎండలో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిందంటే నాసిరకం ఇన్వర్టర్ అంటగట్టారని, ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్ వైరును ప్లగ్గులో పెడితే అది మళ్లీ మేలుకుంటుందని. మొదటిది అబద్ధం. రెండోది ప్రాణాలు తీసే సలహా. ఇళ్లమీద ఎక్కువగా కనిపించే గ్రిడ్‌టై ఇన్వర్టర్ సొంతంగా వోల్టేజీని నిలబెట్టదు; వీధి లైన్‌లోని 230 వోల్టుల, 50 హెర్ట్జ్ తరంగానికి తాళం కలుపుతూ కరెంటును తోస్తుంది. సప్లై పోతే రెండు సెకన్లలోపు ఆగాలి; భారతీయ ప్రమాణం ఐఎస్ 16169 పరీక్ష ఉన్నది ఇందుకే. ఆగకపోతే, లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ మీదికి మీ ఇంటి నుంచే రిటర్న్ సప్లై వెళ్తుంది. అది ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కితే 11 కేవీ వైపు కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ పుడుతుంది.

వీధి లోడంతా మీద పడితే మా 3 కిలోవాట్లు ఏపాటి, అదే ట్రిప్ అవుతుంది కదా అని వాదించేవారున్నారు. వీధి అంతా కలిసి ఉన్నంతవరకే అది నిజం. ఫ్యూజు తీసినా, వైరు తెగినా ఆ ముక్కకు మీ ఇల్లొక్కటే మిగలవచ్చు. మనిషిని చంపడానికి అప్పుడు ఆ కరెంటు చాలు. మెయిన్ ఆపాకే బ్యాటరీ ఇన్వర్టర్ వైరు కలుపుతామన్నా చిక్కు తీరదు. ఏదో ఒకరోజు మరచిపోతారు. మరచిపోకపోయినా, ఇల్లు వాడగా మిగిలిన సోలార్ కరెంటు బయటికి దారి లేక ఆ బ్యాటరీ ఇన్వర్టర్‌లోకే ఎదురుతన్ని దాన్ని కాల్చేయగలదు.

ప్రతి ప్యానెల్‌కు విడిగా బిగించే మైక్రో ఇన్వర్టర్లయితే కోతలోనూ నడుస్తాయన్నది కూడా సాధారణంగా తప్పే. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్ నాసిరకమన్నది కాలం చెల్లిన మాట. ప్యానెళ్లను వరసగా ఒకే ఇన్వర్టర్‌కు కలిపే స్ట్రింగ్ పద్ధతిలో ఒక ప్యానెల్‌పై నీడ పడితే వరస మొత్తం పోతుందనే భయంలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. ప్యానెళ్లలోని బైపాస్ డయోడ్లు నీడపడ్డ భాగాన్ని దాటేస్తాయి కాబట్టి మొత్తం పోదు. అయినా ప్యానెళ్లు రెండు మూడు దిక్కులకు తిరిగి ఉన్నచోట, నీళ్ల ట్యాంకు నీడ రోజూ పాకేచోట మైక్రో ఇన్వర్టర్లకు పెట్టే అదనపు ఖర్చు దండగ కాదు. నీడ లేని డాబాకు స్ట్రింగ్ ఇన్వర్టర్ చాలు. కోతలప్పుడూ కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి. అది ముందు వీధి లైన్‌తో సంబంధం తెంచుకుని, ఆ తర్వాతే బ్యాటరీ ఆసరాతో సొంత వోల్టేజీ నిలబెడుతుంది. బ్యాటరీ లేకుండా కొంటే చాలా మోడళ్లు కోతలో అక్కరకు రావు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకు బ్యాకప్ లైన్ విడిగా వేయించండి. బిగించినవాళ్ల ఎదుటే మెయిన్ దించి అవి నడుస్తున్నాయో లేదో చూశాకే ఆఖరి డబ్బు ఇవ్వండి.