మార్షల్ లేని వెస్టర్న్

అమెరికా పశ్చిమ ప్రాంతంలో చట్టం ఇంకా వేళ్లూనని 19వ శతాబ్దపు ఊళ్లలో గుర్రాలు, తుపాకులు, పశువుల మందల నడుమ సాగే కథలను ‘వెస్టర్న్’ అంటారు. బుల్లితెరపై ఆ కథలకు 1955 నుంచి 1975 వరకు 635 భాగాలు నడిచిన ‘గన్‌స్మోక్’ నిలువెత్తు నమూనా. డాడ్జ్ సిటీకి కొత్త మనిషెవరో వస్తారు, తగవు రేగుతుంది, ప్రభుత్వం నియమించిన శాంతిభద్రతల అధికారి, అంటే మార్షల్, అయిన మాట్ డిలన్ దాన్ని తేలుస్తాడు, మరుసటి వారానికి ఊరు మరో తగవుకు సిద్ధమవుతుంది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయ్యేనాటికే ఆ ధారావాహిక ముగిసింది. అంతకు ముందే, 1971 ఆగస్టు 27న, కృష్ణ కథానాయకుడిగా పద్మాలయా సంస్థ విడుదల చేసిన ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు వెస్టర్న్ వెండితెరపై పుట్టింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి మాటలు రాసినది ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అనే సాహిత్య చరిత్ర రాసిన ఆరుద్రే. ‘గన్‌స్మోక్’లో లాగా ఒక్క భాగంలోనే ముగిసే తగవు, పాటలు, ఫైట్లు కలిసిన పూర్తి నిడివి సినిమాకు చాలదు గనుక, కథ ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ చిత్రాల బాటపట్టి, ఆంగ్లేయుల కాలంలో దాచిన నిధి కోసం సాగే వేటగా మారింది.

చిత్రీకరణకు రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లారు గానీ, వెస్టర్న్ కథలు కోరే ఇరుకు కనుమ కడప జిల్లాలోనే ఉంది: చక్రాయపేట మండలంలో పాపఘ్ని నది పాలకొండలను చీల్చుకుని బయటపడే చోటును గండి, అంటే కొండల నడుమ తెగిన సందు, అంటారు; ఆ ఒడ్డునే వీరాంజనేయస్వామి కొలువై ఉన్నాడు.

అయితే నేల దొరికినా ఇక్కడ మార్షల్ దొరకడు. 1800లో నిజాం కడపతో కూడిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, గ్రామాల కావలి బాధ్యతనూ సొంత బంట్లనూ నిలుపుకున్న స్థానిక నాయకులైన పాలెగాళ్లను 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అణచి, రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని నాటాడు. చట్టం ఇక్కడికి పరాయి సర్కారు సిబ్బందితో వచ్చింది గనుక, ఆ కాలంలో నడిచే కథలో ఆ చట్టం తరఫున తుపాకీ పట్టినవాడిని తెలుగు ప్రేక్షకుడు నాయకుడిగా అంగీకరించడం కష్టం. అందుకే కృష్ణ పాత్ర బిళ్ల పెట్టుకున్న అధికారి కాదు, మోసగాళ్లనే బురిడీ కొట్టించేవాడు. 2002లో ఆయన కుమారుడు మహేశ్‌బాబు కౌబాయ్ టోపీ పెట్టుకున్నప్పుడూ ఆ చిత్రానికి పెట్టిన పేరు ‘టక్కరి దొంగ’.